చచ్చిన చిప్ మీద రాగి పైసా

మీ బల్ల మీద ఒక లాప్‌టాప్ ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, పక్కన చిన్న లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. గ్రాఫిక్స్ చిప్ పోయిందని మీకు అర్థమైంది. హీట్ గన్ పట్టి మూడు నిమిషాలు వేడి చేస్తే బొమ్మ వస్తుందని కూడా మీకు తెలుసు. సరే, ఎందుకు వస్తుందో చెప్పగలరా?

చెప్పలేకపోతే ఆ గన్ కింద పెట్టండి. ఇది చదివాక మళ్ళీ ఎత్తుదురుగాని.

నేను ఉప్పుగూడ స్టేషన్ దగ్గర చాలా ఏళ్ళు రిపేరు దుకాణం నడిపాను. ముందు టీవీలు, తర్వాత కంప్యూటర్ మానిటర్లు, చివరికి లాప్‌టాప్‌లు. కళ్ళు మందగించాక మూసేశాను. దుకాణం ఎలా పెట్టాను, ఎలా నిలదొక్కుకున్నాను అన్న కథ మీకు పనికిరాదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు నేను చెప్పవలసింది భయం గురించి. ఏ భయాన్ని దాచుకున్నందుకు ఒక మనిషి ప్రాణం నా బల్ల మీదికి వచ్చిందో, దాని గురించి.

ఖుద్దూస్ సాబ్ చీటీ

మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. కాలేజీ రోజుల్లో నాకు చదువు కంటే వాదం మీద మోజు. ఆదివారం వస్తే ఒక పఠన మందిరంలో సభ. జాతకాలు నిజమా, కులం ఎవరు పెట్టారు, చేతిలోంచి విభూతి ఎలా వస్తుంది. నిమ్మకాయ కోస్తే ఎర్రగా మారే కిటుకు నేనే వేదిక మీద చేసి చూపించేవాణ్ణి. "ఋజువు చూపించండి!" అని నేను బల్ల గుద్దితే వెనక వరస దాకా వినపడేది. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఇవాళ వెనక్కి తీసుకోను. మూఢనమ్మకం మనుషుల్ని చంపుతుంది. కాకపోతే అది ఎప్పుడూ కాషాయం కట్టుకునే వస్తుందని అనుకోవడం నా పొరపాటు.

తొంభైల మొదట్లో కార్వాన్‌లో ఖుద్దూస్ సాబ్ రేడియో-టీవీ దుకాణంలో పనికి చేరాను. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. నేను నాస్తికుణ్ణి. "నీ దేవుడు లేడని నువ్వు చెప్తవ్, నా దేవుడు ఉన్నడని నేను చెప్త. గంతల గా ట్రాన్స్‌ఫార్మర్ సంగతేందో చూడు" అని నవ్వేవాడు.

ఒకరోజు ఒక బట్టల వ్యాపారి టీవీ వచ్చింది. బొమ్మ రాదు. నేను విసుగొచ్చి పక్క మీద ఒక్కటి కొట్టాను. బొమ్మ వచ్చేసింది. "అయిపోయింది ఉస్తాద్!" అన్నాను గర్వంగా. ఆయన లేచి వచ్చి, అట్టముక్క తీసి, పెన్సిల్‌తో ఏదో రాసి, దారంతో టీవీకి కట్టాడు. నాకు ఉర్దూ చదవడం రాదు. చదివి వినిపించమన్నాను.

"చల్ రహా హై. వజహ్ నహీఁ మాలూమ్." నడుస్తోంది, కారణం తెలియదు.

ఆ దుకాణంలో అది ఆయన పెట్టుకున్న నియమం. కారణం తెలియకుండా బాగైన ప్రతి సెట్టుకూ ఆ చీటీ కట్టాలి. యజమాని వస్తే అది చదివి వినిపించాలి. నాకు తల కొట్టేసినట్టయింది. ఇలా చెప్పుకుంటే ఎదురు దుకాణానికి పోరా?

"పోనీ," అన్నాడాయన. "నీ దెబ్బకు గా టీవీకి బుద్ధొచ్చిందనుకుంటున్నవా మూర్తీ? దానికేం రాలే. మనకు రావాలె."

ఎనిమిది రోజులు ఆ టీవీని ఉంచుకున్నాడు. చివరికి భూతద్దం పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ కాలి చుట్టూ వెంట్రుకంత పగులు నాకు చూపించాడు. నా దెబ్బకు పగులు అంచులు కాసేపు ఆనుకున్నాయి, అంతే. టంకం కరిగించి కొత్తగా వేశాం. అప్పుడు ఆ చీటీ తీసేశాడు.

వేదిక మీద పదేళ్ళు ఋజువు ఋజువని అరిచిన నాకు ఋజువంటే ఏమిటో నేర్పినవాడు ఆ నమాజీ. నేర్పాడు సరే. నేను నేర్చుకున్నానా అన్నది వేరే ప్రశ్న. సొంత దుకాణం పెట్టిన రోజు చీటీల నియమాన్ని నేను తెచ్చుకోలేదు. తెలియదని చెప్పాలంటే భయం. ఎదుటివాడి ముఖంలో నమ్మకం ఆరిపోవడం చూడాలంటే భయం.

ముందు అనుమానించాల్సింది మిమ్మల్నే

రెండువేల సంవత్సరం దాటాక లాప్‌టాప్‌లు పాతబస్తీకి రావడం మొదలైంది. చాలావరకు సెకండ్ హ్యాండువి. కొన్నేళ్ళకు ఒకే రకం జబ్బుతో వరసగా వచ్చాయి. తెర మీద నిలువు గీతలు, రంగురంగుల చుక్కలు, తర్వాత చీకటి. గ్రాఫిక్స్ చిప్.

ఆ మాట అనే ముందు ఏం చెయ్యాలో చెబుతాను. బయటి మానిటర్ ఒకటి తగిలించండి. గీతలు లాప్‌టాప్ తెర మీదే ఉండి మానిటర్ మీద లేకపోతే తప్పు తెరదో దాని కేబుల్‌దో. రెండింటి మీదా ఉంటే, లేదా రెండూ నల్లగా ఉంటే, అప్పుడు లోపలికి చూడాలి. అప్పుడూ చిప్ పేరెత్తకండి. మెమరీ పలక (ర్యామ్) తీసి, దాని పళ్ళు తుడిచి, మళ్ళీ పెట్టండి. మీ దగ్గరున్న మంచి మెమరీ వేసి చూడండి. ఛార్జరు మార్చండి. బ్యాటరీ తీసేసి చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంది, అరగంట నడిచాక ఎలా ఉంది, రాసుకోండి. మీటరు పెట్టి చిప్ పక్కనున్న కాయిల్స్ దగ్గర షార్ట్ ఉందేమో చూడండి. ఇన్ని చేశాక కూడా మీ నోటినుంచి రావలసిన మాట "చిప్ పోయినట్టుంది" అనే.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక లెక్కల టీచరమ్మ తెచ్చిన లాప్‌టాప్‌కు ఇవేవీ చెయ్యలేదు కనుక. వారంలో నాలుగోది అది. నల్ల తెర చూడగానే చిప్ అనేశాను. నేరుగా గన్ పెట్టాను. "టప్" మని ఒక చిన్న శబ్దం. ఆ శబ్దం ఏమిటో విన్నవాళ్ళకు తెలుసు. బోర్డు కింద ఏదో భాగం పేలింది. "చిప్ పూర్తిగా పోయిందమ్మా, మనం చేసేదేం లేదు" అన్నాను. ఆమె తలూపి, మెషిన్ నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది. పది రోజుల తర్వాత ఆమె మెమరీని వేరే మెషిన్‌లో వేస్తే ఆ మెషిన్ కూడా నల్లబడింది. పోయింది మెమరీ. బోర్డు బతికే ఉండింది. చంపింది నేను.

ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఇవాళ చెబుదామంటే ఆమె ఎక్కడుందో తెలియదు.

కండక్టర్ జాబితా

యాదగిరి బస్ కండక్టర్. చాంద్రాయణగుట్ట రూటులో తిరిగేవాడు. మా వీధి చివరే ఇల్లు, తల్లి మల్లమ్మతో ఉండేవాడు. కాన్పులో నెత్తురు అందక అతని చెల్లెలు చచ్చిపోయింది. నెగెటివ్ గ్రూపు. దొరికేసరికి ఆలస్యమైంది. ఆ తర్వాత అతనొక అలవాటు పెట్టుకున్నాడు. టికెట్ చింపి ఇస్తూ ప్రతి ప్రయాణికుణ్ణీ అడిగేవాడు.

"నీ బ్లడ్ గ్రూప్ ఏంది భాయ్?"

"టికెట్‌కు అది గూడ కావాల్నా?"

"నెగెటివ్ అయితే చెప్పు, సీటిస్త."

బస్సంతా నవ్వేది. అలా నవ్విస్తూనే పేర్లు రాసుకునేవాడు. నెగెటివ్ గ్రూపులవాళ్ళే ముఖ్యం. పేరు, ఇల్లు, ఫోను, చివరిసారి ఎప్పుడు నెత్తురిచ్చారు. పాతబస్తీలో ఏ నర్సింగ్ హోములో కాన్పు కష్టమైనా అతనికి ఫోను వచ్చేది. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు లేదంటే అతను మనిషిని పంపేవాడు.

పేర్లన్నీ టికెట్ల పుస్తకాల వెనకా, రెండు నోటుబుక్కుల్లోనూ ఉండేవి. ఒక వానలో ఇల్లు కారి ఒక నోటుబుక్కు తడిసిపోయింది. అప్పుడు నేనే చెప్పాను: "ఇంకా ఈ కాగితాలేమిటి యాదగిరీ? కంప్యూటర్‌లో ఎక్కించు. అక్షరం చెరగదు." బెంగుళూరు వెళ్ళిపోతున్న ఒక సాఫ్ట్‌వేర్ ప్రయాణికుడు తన పాత లాప్‌టాప్ అతనికిచ్చాడు. యాదగిరి రెండు వేళ్ళతో టైపు చేస్తూ మూడు నెలలు కూర్చుని మొత్తం ఎక్కించాడు. తర్వాత నోటుబుక్కులు పాత పేపర్లవాడికి వేసేశాడు. అదీ నేను చెప్పిందే.

కనుక ఆ మెషిన్‌లో ఏముందో నాకు తెలుసు. తెలియదని తప్పించుకునే వీలు నాకు లేదు.

సంవత్సరం తిరక్కుండానే తెర మీద గీతలు. చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు.

"అన్నా, మస్తు ఫికరైతుంది. పేర్లు పోయినయా?"

"పేర్లెక్కడికి పోతాయి? గ్రాఫిక్స్ చిప్ అది. కూర్చో."

ఈసారి పరీక్షలన్నీ చేశాను. చిప్పే. బోర్డు తీసి, చుట్టూ వెండి కాగితం కప్పి, చిప్ అంచుల్లో టంకం పారడానికి వాడే ఫ్లక్స్ వేసి, గన్ పట్టాను. మూడు నిమిషాలు. చల్లారనిచ్చి బిగించాను. తెర కడిగిన అద్దంలా వెలిగింది. యాదగిరి రెండు చేతులూ జోడించాడు. అయిదు రూపాయల ఉంగరం గాల్లోంచి తీసిన బాబా ముందు జనం జోడించినట్టే. నాకు ఆ పోలిక అప్పుడు తట్టలేదు. బాగుందనిపించింది.

హార్డ్ డిస్క్ తీసి ఆ జాబితా ఒక కాపీ తీసుకోవడానికి పది నిమిషాలు పట్టేది. చిప్ వేరు, డిస్క్ వేరు. తెర చచ్చినా పేర్లు డిస్క్‌లో చెక్కుచెదరకుండా ఉంటాయి. నాకిది తెలుసు. అయినా తియ్యలేదు. తీస్తే "మళ్ళీ పోతదా అన్నా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న నాకు వద్దు.

దారం, పైసా

రెండు నెలలకు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ గీతలు. ఈసారి లాప్‌టాప్ మూతకు నల్లదారం చుట్టి ఉంది.

"ఇదేమిటి?"

"అమ్మ కట్టింది. దిష్టి తాకిందట. బస్సుల అందరికి చెప్పుకుంట తిరుగుతున్న గదా, ఎవని కన్నో పడ్డదంటది."

నేను పకపకా నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. కత్తెర తీసుకుని ఆ దారం కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. విద్యుత్తుకు కళ్ళుండవనీ, చిప్‌కు దిష్టి తగలదనీ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. యాదగిరి ముఖం చిన్నబోయింది. "ముసల్ది అన్నా, పోనీ తియ్" అన్నాడు.

తర్వాత నేనేం చేశానో వినండి.

ఈ లాప్‌టాప్‌లలో చిప్‌కూ, దాని వేడిని లాగే హీట్ సింక్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది. అందులో మెత్తటి ప్యాడ్ పెడతారు. అది వేడిని సరిగ్గా లాగదు, అందుకే చిప్ కాలిపోతోందని మా మెకానిక్‌లలో ఒక మాట పుట్టింది. ప్యాడ్ తీసేసి రాగి ముక్క పెడితే మళ్ళీ పోదట. రాగి రేకు మందం సరిపోయేది దొరకదు. మాలో ఎవడో తెలివైనవాడు నిజాం కాలం నాటి రాగి పైసా సరిగ్గా ఆ సందుకు సరిపోతుందని కనిపెట్టాడు. ఇక కార్వాన్ మీద పడ్డాం. అక్కడ గోవింద్ సేఠ్ అని, తాతల కాలం నుంచి ఇత్తడి, రాగి సామాన్ల వ్యాపారం. పాత పైసలు ఒక డబ్బాలో పోసి ఉంచేవాడు.

"నువ్వు గూడ వచ్చినవా మూర్తీ?" అని నవ్వాడు. "ఇన్నేండ్లు తాయెత్తులల్ల పెట్టనీకి కొంటపోతుండ్రి. ఇప్పుడు కంప్యూటర్లల్ల పెడుతుండ్రు. ఏం మంత్రం చదువుతరు లోపల పెట్టేటప్పుడు?"

"ఇది మంత్రం కాదు సేఠ్. సైన్సు. రాగి వేడిని బాగా లాగుతుంది."

"గట్లనా! అయితే రెండు తీస్కో."

పైసాను గరుకు కాగితం మీద రెండు వైపులా అరగదీశాను. రాజుగారి అక్షరాలు పోయి అద్దంలా మెరిసేదాకా. పేస్టు రాసి చిప్ మీద పెట్టి హీట్ సింక్ బిగించాను. మళ్ళీ వేడి, మళ్ళీ వెలుగు. "ఇక ఫికర్ లేదు యాదగిరీ. పక్కా" అన్నాను.

రాగి వేడిని లాగుతుందన్నది నిజం. సింక్ దాన్ని బయటికి పంపుతుందన్నదీ నిజం. అప్పటికే పగిలిపోయినదాన్ని ఆ రాగి ఎలా అతికిస్తుంది? ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. వేసుకుంటే సమాధానం ఉండేది. ఆ చిప్ లోపల సిలికాన్ ముక్కకూ దాని కింది పలకకూ మధ్య కంటికి కనపడని టంకం చుక్కలుంటాయి. రోజూ వేడెక్కి, చల్లారి, అవి పగులుతాయి. గన్ పట్టినప్పుడు అంతా సాగి, పగులు అంచులు కాసేపు ఆనుకుంటాయి. ఖుద్దూస్ సాబ్ దుకాణంలో టీవీకి నేను వేసిన దెబ్బే ఇది. దెబ్బకు బదులు వేడి. దాని అసలు మందు కొత్త చిప్, లేదా కొత్త బోర్డు. మూడోది లేదు.

మూడు నాలుగు సత్యాలు చెప్పి అయిదోదిగా అబద్ధాన్ని నమ్మించడం బాబాల పద్ధతి. నా తప్పు వాళ్ళ తప్పు కంటే పెద్దది. వాళ్ళు ఎదుటివాణ్ణి మోసం చేస్తారు. నేను నన్ను కూడా మోసం చేసుకున్నాను, పైగా శాస్త్రం పేరు పెట్టి.

ఎండాకాలం, ఒక మధ్యాహ్నం

రోడ్డు మీద తారు మెత్తబడిన ఎండ. నేను అన్నం డబ్బా మూత తెరుస్తున్నాను. దుకాణం ముందు ఆటో ఒకటి కీచుమని ఆగింది. యాదగిరి దూకాడు, లాప్‌టాప్ తువ్వాలులో చుట్టి పట్టుకుని. వెనక ఆటో డ్రైవర్ గౌస్. ఇంజను ఆపలేదు. అతని భార్య షహనాజ్‌కు ఆ ఉదయమే కాన్పయింది. బిడ్డ బాగుంది. తల్లికి నెత్తురు ఆగడం లేదు. ఓ నెగెటివ్. బ్లడ్ బ్యాంకులో ఒక్క సంచీ కూడా లేదన్నారు.

యాదగిరి తువ్వాలు విప్పాడు. కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది.

"ఏం చేశావ్ దీన్ని?"

"పదకొండు గంటలకు ఫోనొచ్చింది. తెరిస్తే నల్లగ ఉంది. నువ్వు చేసినట్టే చేసిన అన్నా. పక్కింటి బ్యూటీ పార్లర్ల జుట్టు ఆరబెట్టే మిషిన్ తెచ్చి వేడి పెట్టిన. గంటసేపు. రాలే. మల్ల పెట్టిన. రాలే."

గంటసేపు. అక్కడొక మనిషి నెత్తురు కారుతుంటే ఇక్కడొక మనిషి గంటసేపు చచ్చిన చిప్‌కు వేడి గాలి పట్టాడు. ఎందుకు? నేను నేర్పాను కనుక. నా చేతిలో అది రెండుసార్లు వెలగడం చూశాడు కనుక.

మీరు నమ్మినా నమ్మకపోయినా, నా చెయ్యి ముందు హీట్ గన్ మీదికే పోయింది. ప్లగ్ కూడా పెట్టాను. గన్ వేడెక్కే ఆ కొద్ది క్షణాల్లో ఖుద్దూస్ సాబ్ పెన్సిల్ రాత కళ్ళముందు మెదిలింది. ప్లగ్ పీకేశాను. లాప్‌టాప్ తిరగేసి రెండు స్క్రూలు తీసి హార్డ్ డిస్క్ బయటికి లాగాను.

చెయ్యి చురుక్కుమంది. ఇస్త్రీ చేసిన చొక్కా బొత్తాంలా ఉంది.

దాన్ని కేబుల్‌తో నా బల్ల కంప్యూటర్‌కు తగిలించాను. టిక్. టిక్. టిక్. డిస్క్ లోపల సూది వెతుక్కుంటూ దారి తప్పినప్పుడు వచ్చే శబ్దం. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు. ఆ శబ్దం ఇంకాసేపు సాగితే పలకల మీద గీతలు పడతాయి, పేర్లు శాశ్వతంగా పోతాయి. వెంటనే కేబుల్ లాగేశాను.

"ఏమైందన్నా?" అన్నాడు యాదగిరి.

"వేడెక్కింది. చల్లారాలి."

"ఎంతసేపు?"

గౌస్ గడపలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను. అది మోగుతోంది, ఎత్తడం లేదు. ఎత్తితే ఏం వినాల్సి వస్తుందోనని. "భాయ్, అయితదా? కాదా? ఒక్క మాట చెప్పు" అన్నాడు.

అన్నేళ్ళ పనిలో మొదటిసారి ఆ మాట నా నోటినుంచి వచ్చింది. "తెలియదు గౌస్ భాయ్."

అతను నన్ను తిట్టలేదు. తలూపాడు. ఫోనెత్తి, ఆస్పత్రిలో ఉన్న తల్లితో "వస్తున్నమమ్మీ, వస్తున్నం" అని పెట్టేశాడు.

అన్నం డబ్బా స్టీలు మూత బోర్లించి దాని మీద డిస్క్ పెట్టి ఫ్యాన్ కిందికి జరిపాను. నీళ్ళు చల్లకూడదు, ఐసు పెట్టకూడదు, లోపల చెమ్మ పడుతుంది. కాచుకుని కూర్చోవడమే. ఆ పదిహేను నిమిషాలు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తాయి. ఖాళీగా ఉండలేక లాప్‌టాప్ విప్పాను. హీట్ సింక్ ఎత్తగానే పైసా జారి బల్ల మీద పడి గుండ్రంగా తిరిగి ఆగింది. అది ఎప్పుడో పక్కకు జరిగి, చిప్ చుట్టూ ఉండే చీమ తలంత భాగాల మీద కూర్చుని, రెంటిని కలిపేసింది. అక్కడ నల్లటి మచ్చ. పగిలిన చిప్ ఎలాగూ పోయేదే. దాన్ని పూర్తిగా కాల్చింది నా పైసా.

లాప్‌టాప్ మూతకు మళ్ళీ నల్లదారం. మల్లమ్మ మళ్ళీ కట్టింది.

యాదగిరి పైసా వంక చూశాడు, దారం వంక చూశాడు. గట్టిగా కూడా అనలేదు. "అమ్మ దారం చూసి నవ్వినవ్ గదన్నా. గిదేంది మరి?"

ఆ దారం ఏ భాగాన్నీ కాల్చలేదు.

డిస్క్ మీద చెంప ఆనించి చూశాను. చల్లబడింది. కేబుల్ పెట్టాను. టిక్. ఆగింది. టిక్. తర్వాత గుయ్‌మని మెత్తగా తిరగడం మొదలుపెట్టింది. తెర మీద డిస్క్ గుర్తు వచ్చింది. యాదగిరి భుజం మీదుగా వంగి, ఫైలు పేరు చూపించాడు. తెరిచాను. ముందు దాన్ని నా కంప్యూటర్‌లోకి కాపీ చేశాను. ఓ నెగెటివ్ ఏడుగురు.

నేను దుకాణం ఫోను, యాదగిరి తన సెల్లు. మొదటి నంబరు మోగి మోగి ఆగింది. రెండోది లేదంది. మూడో మనిషి సౌదీలో ఉన్నాడని ఇంట్లోవాళ్ళు చెప్పారు. నాలుగో మనిషి చాంద్రాయణగుట్టలో రాళ్ళకు పాలిష్ పెట్టేవాడు. యాదగిరి అరిచాడు: "నేను కండక్టర్‌ను భాయ్! గుర్తున్ననా? సీటిచ్చిన!" అవతల నవ్వు వినపడింది, తర్వాత "ఏ ఆస్పత్రి?" అన్న మాట. అతణ్ణి ఎక్కించుకోవడానికి గౌస్ అప్పటికే ఆటోలో ఉన్నాడు. ఆరో మనిషి ఒక గుమాస్తా, ఆఫీసులో చెప్పకుండా లేచి వచ్చేశాడు.

షహనాజ్ బతికింది. సాయంత్రం గౌస్ వచ్చి చెప్పాడు. ఇంకో అరగంట దాటితే తన చేతిలో ఉండేది కాదని డాక్టరమ్మ అందట. అతను నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. చేతులు లాక్కోబోయాను, వదల్లేదు. ఆ గంటన్నర ఆలస్యం ఎవరిదో అతనికి తెలియదు. ఈసారి చెప్పాను. మొత్తం చెప్పాను. అతను నా చేతులు వదిలేశాడు. "సరే భాయ్. మల్ల గిట్ల చెయ్యకు" అని వెళ్ళిపోయాడు.

ఇంకా బయట తిరుగుతున్నవి

మీరనుకోవచ్చు, కథ సుఖాంతమేగా అని. నా భయం అసలు ఆ రాత్రి మొదలైంది. యాదగిరిది ఒక్కటే. వేడి చేసి, పైసా పెట్టి, పక్కా అని చెప్పి పంపినవి ఇంకెన్ని? మరునాడు పాత బిల్లు పుస్తకాలు తీసి ఒక్కొక్కరికీ ఫోను చేయడం మొదలుపెట్టాను. "మంచిగనే నడుస్తుంది సార్, ఎందుకడుగుతుండ్రు?" అన్నవాళ్ళున్నారు. ఆ మాట వినగానే దాన్ని ఆపేసి దుకాణానికి తెమ్మనేవాణ్ణి. "అమ్మేసిన" అన్నవాళ్ళున్నారు, ఎవరికో తెలియదు. సగం నంబర్లు కలవలేదు. దొరికినవాళ్ళ డిస్క్‌లలోంచి కాపీ తీసి ఇచ్చాను. ఒకరి దాంట్లో పెళ్ళి ఫోటోలు, ఒకరి దాంట్లో కోర్టు కాగితాలు, ఒకరి దాంట్లో చనిపోయిన భర్త గొంతు. దొరకనివాళ్ళవి దొరకనట్టే ఉన్నాయి. ఏ పైసా ఏ మధ్యాహ్నం పక్కకు జరుగుతుందో నాకు తెలియదు.

ఆ తర్వాత నా దుకాణంలో చీటీ కట్టడం మొదలుపెట్టాను. తెలుగులో, ఉర్దూలో రాయించి. వేడి చేసి వెలిగించిన ప్రతిదానికీ. కొంతమంది చదివి, మెషిన్ తీసుకుని, పక్క దుకాణానికి పోయారు. అక్కడ పక్కా అని చెప్పారు. పోయినవాళ్ళను నేను తప్పు పట్టను. ధైర్యంగా అబద్ధం చెప్పేవాడే మనకు నచ్చుతాడు. డాక్టరయినా, స్వామయినా, మెకానిక్ అయినా.

మల్లమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె దారం నేను కత్తిరించానని చెప్పాను. దిష్టి లేదని ఇప్పటికీ అంటాననీ చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీ పైసల గూడ మహిమ లేదు గదరా బిడ్డా" అంది. టీ పెట్టింది.

ఇక మీరు. చదవడం ఆపి లేవండి. మీ బల్ల మీదున్న ఆ లాప్‌టాప్ తిరగేయండి. హార్డ్ డిస్క్ బయటికి తీసి, ఇప్పుడే, వేరే చోటికి కాపీ తీయండి. దాని యజమానికి ఫోను చేసి, ఇది వేడి చేస్తే కొన్నాళ్ళే వెలుగుతుందనీ, అసలు మందు కొత్త చిప్పేననీ చెప్పండి. ఇంతకు ముందు మీరు పక్కా అని పంపినవాళ్ళకూ ఫోను చేయండి. అవతలివాళ్ళు "మళ్ళీ పోతుందా?" అని అడుగుతారు. తెలిసింది తెలిసినట్టు చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. ఆ తర్వాతే గన్ ప్లగ్ పెట్టండి.